బాహుదా మొగ దగ్గర సముద్రానికి రెండు చట్టాలు: తీర పర్యవేక్షణ అధికారులకు బహిరంగ లేఖ

గంజాం, శ్రీకాకుళం జిల్లాల తీరంపై బాధ్యత వహిస్తున్న మత్స్యశాఖ, అటవీశాఖ, రెవెన్యూ, మెరైన్ పోలీసు అధికారులకు, రెండు రాష్ట్రాల తీర మండల నిర్వహణ ప్రాధికార సంస్థల సభ్యులకు నమస్కారాలు.

నేను ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్‌కు దక్షిణాన ఉన్న ఒక జాలరి పేటలో పుట్టాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా పేటలో బడి భాష ఒడియా, ఇంటి భాష తెలుగు, సముద్రం మీద మాట్లాడుకునేది కూడా తెలుగే. ఒడియా వారు మమ్మల్ని నోలియాలంటారు. మేమైతే వాడబలిజలమనో జాలరులమనో చెప్పుకుంటాం. ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్లమని మమ్మల్ని గురించి అనడం వింటూంటాను గానీ, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి కూడా గంజాం జిల్లాలోనివే. మా తాతలు ఒక జిల్లాలోనే ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు మారారు, అంతే. తరువాత గీత గీసినవారు నేల మీద రాళ్లు పాతారు. నీళ్ల మీద ఏం పాతారో మాకు ఇప్పటికీ ఎవరూ చూపించలేదు.

ఈ లేఖ రాయడానికి కారణం ఆ గీతే.

గత చలికాలంలో మా తమ్ముడి కొడుకు మరో నలుగురితో కలిసి ఫైబర్ బోటులో కోణాం చేపల వేటకు బాహుదా మొగ వైపు, అంటే రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గర బాహుదా నది సముద్రంలో కలిసే చోటి వైపు వెళ్లాడు. చీకటి పడ్డాక వల వేసి, దాని చివర దీపం కట్టి, బోటులోనే నడుం వాల్చారు. అర్ధరాత్రి దాటాక ఒక ట్రాలర్, అంటే సంచి లాంటి పెద్ద వలను ఈడ్చే యాంత్రిక బోటు, ఆ వల మీదుగా ఈడ్చుకుంటూ పోయింది. తెల్లవారి ఒడ్డుకు తెచ్చిన వలను నేను చూశాను. సగానికి పైగా లేదు. మిగిలిన సగంలో పైతాడు పట్టున తెగి, ప్లాస్టిక్ బెండ్లు ఒకదానిలోకి ఒకటి చుట్టుకుని, కన్నులు చేతి వెడల్పున చిరిగి ఉన్నాయి. వాడు తన ఫోనులో ఆ చోటును గుర్తు పెట్టుకున్నాడు. ఒడ్డుకు సుమారు 6 కిలోమీటర్లు.

ఆ 6 అన్న అంకె వల్లే వాడికి ఎక్కడా న్యాయం దొరకలేదు. ఒడిశా సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1982 నాటిది. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల వరకు సంప్రదాయ వేటగాళ్లకు కేటాయించారు, ఆపైన చిన్న యాంత్రిక బోట్లు రావచ్చు. ఆంధ్రప్రదేశ్ చట్టం 1994 నాటిది. అక్కడ యాంత్రిక బోట్లు 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదు. అంటే 6 కిలోమీటర్ల దగ్గర ఉన్న ట్రాలర్ గీతకు ఇటు పక్కన ఉంటే దానికి తప్పు లేదు, అటు పక్కన ఉంటే అది నేరం చేస్తున్నట్టే. మావాడు వెళ్లిన ఒక కార్యాలయంలో, అది 5 దాటిన చోటు కనుక తాము చేయగలిగింది లేదన్నారు. మరో కార్యాలయంలో, ఆ చోటు తమ నీళ్లలోనే ఉందని ముందు అవతలి వాళ్ల దగ్గర రాయించుకుని రమ్మన్నారు. వలకు రెండు చోట్లా పేరు లేదు, నంబరు లేదు. మూడో చోటికి వెళ్లడానికి వాడి దగ్గర బస్సు డబ్బులు మాత్రం ఉన్నాయి, ఓపిక లేదు.

వేట ఎవరిదన్న ప్రశ్నను మన రాజ్యాంగం కూడా రెండు చోట్ల పెట్టింది. ఏడో షెడ్యూలులో ప్రాదేశిక జలాలకు అవతలి వేట కేంద్ర జాబితాలోని 57వ అంశం, ఇవతలి మత్స్య పరిశ్రమ రాష్ట్ర జాబితాలోని 21వ అంశం. ప్రాదేశిక జలాలంటే 12 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 22 కిలోమీటర్ల పైచిలుకు. ఆ 22 కిలోమీటర్లలో ప్రతి రాష్ట్రం తన నియమం తాను పెట్టుకునే హక్కు ఉంది, దాన్ని నేను కాదనను. కానీ బాహుదా నది సంగతే చూడండి. గజపతి జిల్లా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం పక్కగా ఆంధ్రలోకి వెళ్లి, తిరిగి ఒడిశాలోకి మళ్లి సోనాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నదే రెండుసార్లు సరిహద్దు దాటి వచ్చిన చోట కవ్వలూ కానాగడతల లాంటి చేపలు ఏ రాష్ట్రానివో ఎలా తేలుతుంది? సోనాపూర్ వాళ్లూ, దానికి దక్షిణంగా ఉన్న దొంకూరు వాళ్లూ ఒకే నీళ్లలో వల వేస్తారు, పిల్లనిచ్చి పుచ్చుకుంటారు, తుఫానొస్తే ఏ ఒడ్డు దగ్గరైతే ఆ ఒడ్డుకు చేరుతారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గీతకు రెండు పక్కలా కొబ్బరి తోటల్ని ఒకేలా పడగొట్టింది.

పర్యవేక్షణ లేదని నేను అనడం లేదు. నిజానికి సముద్రం మీద ఇంతమంది కాపలా ఎన్నడూ లేరు. 2008లో ముంబయి మీద దాడి జరిగాక మాకు బయోమెట్రిక్ కార్డులిచ్చారు, మెరైన్ పోలీసు స్టేషన్లు వచ్చాయి. కోస్ట్‌గార్డు ఉంది, మత్స్యశాఖ గస్తీ ఉంది, తాబేళ్ల కాలంలో అటవీశాఖ గస్తీ ఉంది. బోట్లకు రిజిస్ట్రేషన్ నంబర్లు, రంగులు, ఇప్పుడు ట్రాన్స్‌పాండర్లు వచ్చాయి. ఈ చూపులన్నీ ఏ వైపు తిరిగి ఉన్నాయన్నదే నా ప్రశ్న. చిన్న బోటు లైసెన్సు గడువు తీరితే ఒడ్డు మీదే పట్టుకోవడం తేలిక. ట్రాలర్ రాత్రి ఎక్కడ తిరిగిందో తేల్చడానికి శ్రమ పడాలి. అయితే ఆ శ్రమ తగ్గించే పెట్టెను ప్రభుత్వమే కొని బోట్లకు బిగించింది. బోటు ఏ వేళ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు తెలియజేసేదే ట్రాన్స్‌పాండర్. వల తెగిన చోటు, వేళ చెప్పి ఒక జాలరి ఫిర్యాదు చేసినప్పుడు, ఆ వేళకు ఆ చోట ఏ యాంత్రిక బోటు ఉందో ఆ సమాచారంలో వెతికి, వారం లోపల లిఖితపూర్వకంగా జవాబివ్వాలన్న నియమం పెట్టండి. కొత్త యంత్రం, కొత్త నిధులు ఏమీ అక్కరలేదు. భద్రత కోసం, తుఫాను హెచ్చరిక కోసం పెట్టిన పెట్టె వల నష్టాన్ని తేల్చడానికి పనికిరాదని ఎవరైనా అంటే, ఎందుకు పనికిరాదో కాగితం మీద చెప్పమని అడుగుతున్నాను.

తాబేళ్లు మా వలల వల్లే చస్తున్నాయని మా మీద ఒక నింద ఉంది కనుక అది కూడా ప్రస్తావించాలి. మా జిల్లాలోని ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయని బయటి ప్రపంచానికి తెలిసింది 1994లో. 2025 ఫిబ్రవరిలో అక్కడికి దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయని అటవీశాఖ లెక్క. పురుణబంధ, గోఖర్‌కుడ, పొడంపేట ఊళ్ల కుర్రాళ్లు గుడ్లను కుక్కల నుంచి కాపాడడానికి రాత్రంతా ఇసుకలో కూర్చుంటారు. తాబేలు గాలి పీల్చే జంతువు. ట్రాల్ వల సంచిలో చిక్కుకుని పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. అందుకే ట్రాల్ వలకు తాబేలు బయటపడే దారి అమర్చాలన్న నిబంధన పెట్టారు. ఆ దారి వలలో నిజంగా ఉందా లేదా అన్నది హార్బరులో వల విప్పి చూస్తేనే తెలుస్తుంది, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లను లెక్కపెట్టడం వల్ల తెలియదు.

లెక్కల మాస్టారుని కనుక రోజులు కూడా లెక్కించాను. ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర తాబేళ్ల కోసం ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల వరకు వేటపై ఆంక్ష నవంబరు 1న మొదలై మే 31 వరకు ఉంటుంది. తూర్పు తీరం మొత్తానికి చేపలు గుడ్లు పెట్టే కాలపు నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. రెండూ కలిపితే నవంబరు 1 నుంచి జూన్ 14 దాకా 226 రోజులు. తరువాత ఆషాఢ శ్రావణాల్లో అలలు తగ్గవు. అక్టోబరు తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. ఏ నిషేధానికి ఏ పడవకు మినహాయింపు ఉందన్నది ఉత్తర్వులో స్పష్టంగానే ఉండవచ్చు. అది మా పేటకు వచ్చేసరికి ఎవరు చెబితే అది అన్నట్టు తయారవుతోంది. తెడ్డు తెప్పకు ఒక మాట, చిన్న ఇంజను బిగించిన ఫైబర్ బోటుకు ఒక మాట, గస్తీ మారితే ఇంకో మాట. ఈ కాలంలో తెడ్డుతో మాత్రమే వేటకు పోయే ఇల్లు మా పేటలో వెతికినా దొరకదు. నిషేధ కాలపు భృతి విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుంచి కుటుంబానికి 20,000 రూపాయలిస్తున్నారు. ఒడిశాలో తాబేళ్ల కాలానికి వేరే పథకం ఉంది. మొత్తాలు ఒకటి కావాలని నేను పట్టుబట్టను. ఎవరికి నిషేధం వర్తిస్తుందో వారి జాబితా, ఎవరికి భృతి వస్తుందో వారి జాబితా ఒకటే కావాలని మాత్రం అడుగుతున్నాను.

ఇక ఒడ్డు సంగతి. నాకు నీళ్ల కంటే ఒడ్డు గురించే బెంగ ఎక్కువ.

కొన్నాళ్ల క్రితం ఒక ప్రభుత్వ కార్యాలయం గోడ మీద మా తీరపు పటం చూశాను. పెద్ద కాగితం, మంచి రంగులు. హైటైడ్ లైను, అంటే పోటు నీరు పైకెక్కే గీత, ఎర్రగా ఉంది. గీతకు ఇవతల మా పేట ఇళ్లున్నాయి, బడి ఉంది. ఇళ్లకూ నీళ్లకూ మధ్య పటంలో ఏమీ లేదు, ఖాళీ ఇసుక రంగు. ఆ ఖాళీలో ఏముంటుందో చెబుతాను. తెల్లారి ఏడు గంటలకు బోట్లు ఒడ్డెక్కుతాయి. ఇంజన్లు విప్పి భుజాన వేసుకుని పోతారు. వలలను ఇసుక మీద పొడవునా పరిచి, చిరిగిన చోట కాలి బొటనవేలికి తగిలించి పట్టుకుని అల్లుతారు. ఇంకొంచెం పైన ఆడవాళ్లు పాత వలలు పరిచి వాటి మీద నెత్తళ్లు ఆరబోస్తారు. ఇసుక అంటకుండా పాత వల, కాకులు రాకుండా పైన కట్టిన ఇంకో పాత వల, రెండింటి మధ్య వెండి రంగులో చేపలు. మధ్యాహ్నం ఒకసారి చీపురుతో తిరగేస్తారు. వేట లేని నెలల్లో ఇల్లు నడిచేది ఆ ఎండుచేపల డబ్బుతోనే, అది కూడా మగవాళ్ల చేతికి రాకుండా నేరుగా ఆడవాళ్ల కొంగులోకి పోయే డబ్బు. సరుగుడు తోటకు ఇవతల మొగలి పొదల వరుస ఉంది. పువ్వుల కాలంలో అవి కోసే హక్కు ఎవరిదో పేటలో అందరికీ తెలుసు. ఇదంతా పటంలో ఖాళీ.

2011 జనవరి 6 నాటి సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ఈ ఖాళీని ఒప్పుకోదు. జాలరుల గ్రామాలు, వారి ఉమ్మడి ఆస్తులు, చేపలు ఎండబెట్టే స్థలాలు, ఐసు ఫ్యాక్టరీలు, జెట్టీలు, బళ్లు, దారులు అన్నీ గ్రామస్థాయి పటాల్లో చూపాలని అందులో రాసి ఉంది. పెరిగే జనాభాకు తగినట్టు జాలరుల ఇళ్ల కోసం దీర్ఘకాలిక ప్రణాళిక వేయాలని కూడా ఉంది. 2019 జనవరి 18న వచ్చిన కొత్త నోటిఫికేషన్ చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువ జనం ఉన్న పల్లె తీరాల్లో నిర్మాణ నిషేధ ప్రాంతాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది, తాత్కాలిక పర్యాటక సదుపాయాలకు బీచ్‌లలో వీలు కల్పించింది. జాలరి పేటలు ఇరుకైనవి కాబట్టి ఈ సడలింపు వల్ల మాకు ఇళ్లు కట్టుకునే వీలు కలుగుతుందని కొందరు సంతోషించారు. కలిగితే మంచిదే. కానీ పటంలో చేపల కళ్లం ఖాళీ ఇసుకగా కనిపించినంత కాలం, అక్కడ ఏదైనా కట్టడానికి అర్జీ పెట్టేవాడు ఎవరి పొట్ట మీదా కొడుతున్నట్టు కాగితం మీద కనిపించడు. అనుమతిచ్చే అధికారి చట్టప్రకారమే ఇస్తాడు. తప్పు ఆయనది కాదు, పటానిది.

ఆ పటంలోని పోటు గీత కూడా కదలకుండా ఉండేది కాదు. మా తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దక్షిణాన సముద్రంలోకి రాతి గోడ కడితే దాని దక్షిణ పక్కన ఇసుక పోగవుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. ఇది మా పెద్దలకు గోడలు రాకముందే తెలుసు, ఇప్పుడు ఇంజనీర్లూ అదే చెబుతున్నారు. 1990 నుంచి 2018 వరకు దేశ తీరరేఖను పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, మూడో వంతు తీరం కోతకు గురవుతోందని తేల్చింది. పొడంపేటను సముద్రం తినేస్తే జనం వెనక్కు వెళ్లి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. మా గంజాం జిల్లాలోని రామయపట్నంలో ఇళ్లు కూలాయి. శ్రీకాకుళం జిల్లా మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టు వద్దని నేను ఈ లేఖలో వాదించడం లేదు. దాని అలల గోడల వల్ల ఉత్తరాన ఇసుక నడక ఎలా మారుతుందో కొలవాల్సి వస్తే, ఆ కొలత ఆంధ్ర సరిహద్దు దగ్గర ఆగిపోకూడదని అంటున్నాను. అలాగే ఒడిశా తీరంలో ఏం కట్టినా అది ఇచ్ఛాపురం వైపు ఏం చేస్తుందో చూడాలి. వానకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి, దొంకూరు నుంచి గోపాల్‌పూర్ దాకా ఒకే గుర్తుల దగ్గర ఒడ్డు వెడల్పు కొలిచి, ఆ అంకెలను రెండు జిల్లాల్లోనూ బయటపెట్టడం పెద్ద పని కాదు. కొలిచేవారికి టేపు పట్టడానికి మా పేటలో పదో తరగతి చదివిన పిల్లలు చాలామంది ఉన్నారు.

ఇదంతా ఎక్కడ చెప్పుకోవాలని అడిగితే, చట్టం దానికి ఒక చోటు చూపించింది. సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ అమలుకు ప్రతి తీర జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి, అందులో జాలరులతో సహా స్థానిక తీర సముదాయాల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలి. మూడు కుర్చీలు. తీరం మీద మాకు చట్టం ఇచ్చిన బలమైన హక్కు అదే అని నేను అనుకుంటాను. భృతి అయితే అడిగి తెచ్చుకోవాలి, కుర్చీ అలా కాదు, అది ముందే మాది. ఆ కుర్చీల్లో కూర్చున్న వారి పేర్లు, వారు ఏ పేటల వారో, కమిటీ ఎప్పుడు సమావేశమైందో, ఏం తీర్మానించిందో ప్రతి తీర పంచాయతీ గోడ మీద అంటించండి. గంజాంలో ఒడియాతో పాటు తెలుగులోనూ అంటించండి. శ్రీకాకుళంలో సరిహద్దు మండలాల వరకైనా ఒడియాలోనూ అంటించండి, ఎందుకంటే అవతలి పక్క కూడా తెలుగు చదవలేని వాళ్లు ఉన్నారు. ముగ్గురిలో ఒకరు చేపలు ఎండబెట్టే ఆడమనిషి కావాలని చట్టం చెప్పలేదు. నేను చెబుతున్నాను.

రెండు జిల్లాల కమిటీలు ఏడాదికి రెండుసార్లు కలిసి కూర్చోవాలని నా రెండో విన్నపం. ఎజెండా కోసం వెతుక్కోనక్కర్లేదు. ఒకటి, బాహుదా మొగకు అటూ ఇటూ ఒక నిర్ణీత ప్రాంతంలో 5 కిలోమీటర్లా 8 కిలోమీటర్లా అన్నది తేల్చి ఒకే దూరం అమలు చేయడం. నన్నడిగితే 8 అంటాను. ట్రాలర్ యజమానులకు వేరే అభిప్రాయం ఉంటుంది, వాళ్లనూ పిలవండి, వాళ్లలోనూ మా బంధువులు ఉన్నారు. రెండు, ఏ ఒడ్డున ఫిర్యాదు ఇచ్చినా రెండు శాఖలూ దాన్ని తీసుకోవడం, వల పోయినవాణ్ణి కార్యాలయాల చుట్టూ తిప్పకుండా కాగితమే తిరగడం. మొగ చుట్టుపక్కల రొయ్యల చెరువుల నుంచి వదిలే నీటి విషయం కూడా అక్కడే తేలాలి. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఉన్నా, నీరు ఒక రాష్ట్రంలో వదిలితే చేపపిల్లలు ఇంకో రాష్ట్రంలో చస్తున్నప్పుడు ఎవరు పరీక్ష చేయాలన్నది ఎప్పుడూ మిగిలిపోతున్న ప్రశ్న.

2025 నవంబరులో కేంద్రం, ప్రాదేశిక జలాలకు అవతలి సముద్రమైన ప్రత్యేక ఆర్థిక మండలంలో (ఈఈజెడ్) వేటకు కొత్త నియమాలు తెచ్చింది. పెద్ద బోట్లకు ప్రవేశ అనుమతి పత్రం ఉండాలని, ఎల్ఈడీ దీపాల వేట, జంట ట్రాలింగు నిషిద్ధమని అందులో ఉంది. మంచి నియమాలే. అయితే లోతు సముద్రంలో నియమం బిగుసుకుంటే కొన్ని బోట్లు ఒడ్డు వైపు జరుగుతాయని మా వాళ్ల భయం. ఆ భయం ఉత్తదే కావచ్చు. ట్రాన్స్‌పాండర్ సమాచారం చూసి ఉత్తదో కాదో మీరు చెప్పగలరు, మేము చెప్పలేం.

ఈ లేఖ అందాక ఎవరైనా మా వైపు రావాలనుకుంటే ఏప్రిల్ 15 తరువాత రండి. నిషేధం రోజులు కనుక మగవాళ్లంతా ఒడ్డునే ఉంటారు. ఉదయం ఎనిమిదికి గంగమ్మ గుడి అరుగు మీద నీడ ఉంటుంది. గోడకు తగిలించిన ఆ పటం దయచేసి వెంట తీసుకురండి. కళ్లం హద్దులు మా ఆడవాళ్లు నడిచి చూపిస్తారు, మీ సర్వేయరు గీసుకోవచ్చు. మావాడు ఆ సగం వలను ఇంకా పారేయలేదు, అది కూడా చూడవచ్చు.

ఇట్లు,
గంజాం తీరంలోని ఒక జాలరి పేటకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయుడు